పదిమందీ ఒరిగిన వైపు

ఎవర్నీ లెక్కచెయ్యని కోచ్‌కీ, అందర్నీ లెక్కవేసే సలోమికీ గొడవ మొదట అరుపుల దగ్గర వచ్చింది.

మూసీ రోవర్స్ ఫుట్‌బాల్ జట్టుకు చీఫ్ కోచ్ జువ్వాడి వామన్‌రావు. పేరుకు వామనుడే గానీ మనిషి త్రివిక్రముడు. గొంతు ఆయనకంటే ఇంకో రెండడుగుల ఎత్తు. మ్యాచ్ జరుగుతున్నంతసేపూ గీత పక్కన నిలబడి తాను పెట్టే కేకల మీదే జట్టు నడుస్తోందని ఆయన గట్టిగా, అంటే చాలా గట్టిగా, నమ్మేవాడు. క్లబ్బులో గణాంకాలు చూసే బందెల సలోమి ఒక పాత మ్యాచ్‌ని తన యంత్రంలో పెట్టి, అందులోంచి ఆ కేకల్ని మాత్రం తీసేసి, మిగతాదంతా ఉన్నదున్నట్టు మళ్ళీ ఆడించింది. అలా వేలసార్లు ఆడించింది. కేకలు లేని ఆటలో జట్టు ఓడలేదు సరికదా, ఇంకాస్త ఎక్కువసార్లు గెలిచింది. గోల తగ్గితే గోల్స్ పెరుగుతాయని తేలింది. ఈ సంగతి సలోమి ఎంతో మర్యాదగా చెప్పింది. ఆయన అంత మర్యాదగా వినలేదు.

బొల్లారంలో ప్రాక్టీసు మైదానం వెనక, ఒకప్పుడు బ్యాండు వాయిద్యాలు దాచుకున్న రేకుల షెడ్డే సలోమి ప్రయోగశాల. వాయిద్యాలు పోయి ఇప్పుడు వాయిదాలు మిగిలాయి. ఏసీ వచ్చే నెల, కొత్త కుర్చీలు ఆపై నెల. యంత్రం మాత్రం వచ్చింది. దాని అసలు పేరు పలకడానికి ఒక మనిషి ఊపిరి చాలదు కాబట్టి అందరూ ‘తీసివేత’ అనేవాళ్ళు. ఆటగాళ్ళు తొడుక్కునే బనియన్లు వాళ్ళ ఊపిరినీ గుండె చప్పుడునీ యంత్రానికి చేరవేసేవి. షూ లోపలి అట్టలు ఏ పాదం మీద ఎంత బరువు పడుతోందో చెప్పేవి. ఒక సీజన్ గడిచేసరికి యంత్రానికి ఒక్కో మనిషీ ఎంతగా తెలిసిపోయేవాడంటే, ఆ మనిషి ఇంట్లో నిద్రపోతుండగా వాడి నీడ చేత ఇక్కడ ఆడించవచ్చు. మిగతా క్లబ్బులన్నీ ఎవర్ని తెచ్చుకుంటే గెలుస్తామని కూడికలు వేస్తుంటే, ఏది లేకపోతే ఓడిపోతామని సలోమి తీసివేతలు వేసేది.

గాలిని తీసేసి చూసింది. ఏమీ కాలేదు. రిఫరీ తప్పుల్ని తీసేసింది. అభిమానులు ఏడాది పొడుగునా తిట్టిన తిట్లన్నీ వృథా అని తప్ప ఇంకేమీ తేలలేదు. ఊరంతా పోస్టర్లలో ఉన్న స్ట్రైకర్‌ని తీసేస్తే జట్టు ఇంచుమించు అలాగే గెలిచింది. అప్పుడే తలనూనె ప్రకటనలో నటించి వచ్చిన ఆ కుర్రవాడికి, నాయనా నీవల్ల జుట్టుకు లాభమే గానీ జట్టుకు లేదని ఎవరు చెబుతారు? సలోమి చెప్పలేదు. చివరికి అదృష్టాన్ని తీసేసింది. గోలుకొయ్యకు వెంట్రుకవాసిలో తగిలి లోపలికి దొర్లిన బంతులన్నీ బయటికి పోయేటట్టు చేస్తే, ఆ ఏడు గెలిచిన ఆటల్లో సగం పేకమేడల్లా కూలిపోయాయి. ఆ కాగితం చూసిన రోజున వామన్‌రావు మొదటిసారి అరవలేదు. కిటికీలోంచి మైదానాన్ని చాలాసేపు చూసి, అయితే మనమంతా ఇక్కడ ఏం చేస్తున్నట్టు మేడమ్ అని అడిగాడు.

ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే సలోమి ఉద్యోగం. అదృష్టాన్ని పక్కన పెట్టాక కూడా ఆటని తేల్చేది ఇంకేదో ఉండాలి. అది ఏమిటి?

ఇక్కడ ఒక చిక్కు ఉంది. జట్టులో డిఫెండర్‌గా ఆడే ఎలీషా సలోమికి సొంత తమ్ముడు. తల్లి పోయాక ఆమె ఎత్తుకుని పెంచిన తమ్ముడు. రేపు వాడిని పొగుడుతూ ఒక్క అంకె రాసినా తమ్ముడి కోసం రాసిందంటారు, తెగుడుతూ రాస్తే తమ్ముడి పక్షమని ఎవరూ అనుకోకూడదని రాసిందంటారు. అందుకని వాడు జట్టులో చేరిన రోజే ఆమె ఒక కట్టుబాటు పెట్టింది. ఇకమీద ప్రయోగశాలలోకి ఆటగాళ్ళ పేర్లు రాకూడదు. ఎవరు ఏ చోట ఆడుతున్నారో కూడా తెలియకూడదు. ఒక్కొక్కరికి ఒక్కో అక్షరం. ఏ అక్షరం ఎవరిదో వామన్‌రావు దగ్గరే ఉండాలి. పనిలో ఉన్నప్పుడు ఆమెకు మనుషులు కనిపించరు, అక్షరాలే. నిజాయితీకి కళ్ళకు గంతలు కట్టుకున్న మొదటి మనిషి ఆమేమీ కాదు. కాకపోతే ఆమె ముడి బాగా గట్టిగా వేసుకుంది.

జవాబు ‘మ’ అనే అక్షరం దగ్గర దొరికింది.

‘మ’ ఎడమ పాదం మీద బరువు తక్కువ వేస్తున్నాడు. పరిగెత్తేటప్పుడు పిసరంత కుడివైపుకి ఒరుగుతున్నాడు. అన్నింటినీ తీసి చూసినట్టే సలోమి ఈ ఒరుగును కూడా తీసేసి చూసింది. జట్టు ఓడింది. మళ్ళీ ఆడించింది. మళ్ళీ ఓడింది. యంత్రానికి ఏదో రోగం వచ్చిందనుకుని మొత్తం మొదటినుంచి మొదలుపెట్టింది. యంత్రం ఆరోగ్యంగానే ఉంది, జట్టే ఓడుతోంది. ‘మ’ నిటారుగా పరిగెడితే రోవర్స్ మామూలు జట్టు. ‘మ’ ఒరిగితే దాన్ని ఓడించడం ఎవరి తరమూ కాదు.

ఎలా? మిగతా పదిమంది కదలికల గీతల్నీ ఒకదాని మీద ఒకటి పరిచి చూసినప్పుడు ఆమెకు అది కనిపించింది. ‘మ’ ఒరిగిన ప్రతిసారీ ఆ పదిమందీ అటువైపు ఒక్క అడుగు ముందుగా కదులుతున్నారు. బంతి వచ్చాక కాదు, రాకముందే. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుందామన్నా వాళ్ళకే తెలియదు. తూలబోతున్న మనిషి పక్కన నడిచేవాడి చెయ్యి దానంతటది లేచినట్టు పది జతల కాళ్ళు లేస్తున్నాయి. దాంతో జట్టులో ఎక్కడా సందు మిగలడం లేదు. పదకొండు ముక్కలుగా ఉండే గుడ్డని ఎవరో కుట్టేసినట్టుంది. ఏళ్ళ తరబడి కోచ్‌లు గొంతు చించుకుని చెప్పినా రానిది ఒక్క ఒరుగుతో వచ్చింది.

ఆ మధ్యాహ్నం సలోమి షెడ్డులో ఒక్కతే కూర్చుని నవ్వుకుంది. ఆటని తేల్చేది బలమూ కాదు, వేగమూ కాదు, ఈ దగ్గరితనం. ఇంత అందమైన సంగతిని లెక్క తేలుస్తుందని ఆమె అనుకోలేదు. వెంటనే నివేదిక రాసింది: ‘మ’ ఒరుగే ఈ జట్టు బలం, ఈ సీజన్ అయ్యేదాకా దాన్ని సరిచెయ్యవద్దు, ఆటగాళ్ళకు చెప్పనూ వద్దు, తెలిస్తే కావాలని కదులుతారు, కావాలని కదిలితే ఆలస్యమవుతుంది. కింద సంతకం పెట్టింది.

ఒక మనిషి ఎడమకాలి మీద బరువెందుకు వెయ్యడం లేదని ఆమె అడగలేదు. కొందరి నడక అంతే అనుకుంది. ఆ యంత్రం ‘ఏమవుతుంది’ అన్న ప్రశ్నకే కట్టింది. ‘ఎందుకు’ అన్నది అందులో లేదు. కొంతకాలం అలాంటి యంత్రంతో పనిచేస్తే మనిషిలోనూ ఉండదు.

ఆ తర్వాత మూసీ రోవర్స్ గెలుస్తూ పోయింది.

బందెలవారింట్లో ఆదివారమంటే చర్చి, చర్చి తర్వాత తలకాయ కూర. ఆ కూర కోసం తస్లీం అనే ఆటగాడు ఏ గుడికీ సంబంధం లేకుండా సరిగ్గా వేళకు దిగేవాడు. ఎలీషాకు ఏదైనా అయితే ఆ చోట ఆడవలసినవాడు అతనే. ఎలీషాకు ఏమీ కావడం లేదు కాబట్టి ఏడాదిగా బెంచీకి బరువు అతనే. మంచి ఆటగాడు, మంచి తిండిగాడు. సలోమిని అక్కా అనేవాడు, ఎలీషాని భాయ్ అనేవాడు. ‘నీకు జ్వరం రావాలని నేను దువా చెయ్య భాయ్, చిన్న జలుబు చాలు’ అని అతనంటే ఎలీషా ముద్ద మింగలేక నవ్వేవాడు.

ఎలీషా అంతగా నవ్వడం సలోమి చాలా ఏళ్ళకు చూస్తోంది. బంతాట కోసం బతికినవాణ్ణి ఇన్నాళ్ళూ ఎవరూ బంతిలో కూర్చోబెట్టలేదు. ఆ క్లబ్బులో కొన్నాళ్ళు, ఈ క్లబ్బులో కొన్నాళ్ళు, ఎక్కడికి వెళ్ళినా చివరి నిమిషంలో దిగి చెమట పట్టకముందే ఈల విని వచ్చేవాడు. అలాంటిది ముప్పై దాటాక, కాళ్ళకు కాలం చెల్లే వయసులో, ప్రతి మ్యాచ్‌లోనూ మొదటి పదకొండులో వాడి పేరుంటోంది. కోచ్ సార్ భుజం మీద చెయ్యి వేసి నువ్వు లేకుంటే టీమే లేదన్నాడని వచ్చి చెప్పాడు. అదే మాట తస్లీంకి ఒకసారి, పాలవాడికి ఒకసారి, గోడ మీద తల్లి ఫొటోకి ఒకసారి చెప్పాడు.

సాయంత్రాలు మోకాలి మీద ఐసు సంచి పెట్టుకుని కూర్చునేవాడు. ఏమిట్రా అది అని సలోమి అడిగితే, ఏం లేదు, నరం పట్టిందంట, ఫిజియో ఆయన చూసిండు, పట్టీ కట్టుకొని ఆడమన్నడు అన్నాడు. మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కేవాడు. ముసలోడివైపోయావురా అని సలోమి ఎగతాళి చేసేది. మో‘కాలం’ మారిందక్కా అని వాడు తిరిగి అనేవాడు. ఆ ఇంట్లో మాటల ఆటలో కూడా వాడిదే గోలు.

మేడ్చల్ రోడ్డు పక్కనున్న వాళ్ళ పాత చర్చిలో బల్ల ఇచ్చే ఆదివారం జనం వరసగా ముందుకు వెళ్ళి, అడ్డకొయ్య దగ్గర మోకాళ్ళూని రొట్టే ద్రాక్షరసమూ తీసుకుంటారు. ఫైనల్‌కి ముందరి ఆదివారం ఎలీషా వెళ్ళాడు. జలుబు చేసి దగ్గుతున్న సలోమి వెనక బెంచీలోనే ఉండిపోయింది. తమ్ముడితోపాటు వెళ్ళి పక్కన మోకరిల్లి ఉంటే ఆమెకు ఎప్పటికీ కనిపించేది కాదు.

ఎలీషా మోకాళ్ళూనబోయి ఆగాడు. ఎడమ మోకాలు వంగలేదు. కుడి మోకాలు మాత్రం నేలకు ఆనించి, ఎడమకాలు పక్కకు చాపి, పిసరంత కుడివైపుకి ఒరిగాడు.

అప్పుడు ఆ వరస మొత్తం కదిలింది. పక్కనున్న పెద్దావిడ ప్రార్థనలో కళ్ళు మూసుకునే వాడి వైపు జరిగింది. ఆమె పక్కనున్న టీచరమ్మ జరిగింది. ఇటువైపు చంటిపిల్లని ఎత్తుకున్న మనిషి మోచెయ్యి వాడి మోచేతి కిందికి వచ్చింది. ఎవరూ వాణ్ణి చూడలేదు. ఎవరికీ తెలియదు. అందరూ వాడివైపు ఒక్క పిసరు ఒరిగి, ఆ వరసలో సందు లేకుండా పోయింది.

సలోమి ఆ గీతల్ని ఇంతకుముందు చూసింది.

సోమవారం పొద్దున్నే ఆమె వామన్‌రావు గదిలో ఉంది. ‘మ’ ఎవరని అడిగింది. ఆయన జవాబు చెప్పకుండా సొరుగులోంచి ఒక స్కాను తీసి బల్ల మీద పెట్టాడు. ఎముకల్ని కలిపి ఉంచే నరం తెగింది. తెగిన కాలితోనే నెలల తరబడి ఆడడం వల్ల లోపలి మెత్తటి పొర అరిగిపోయింది. బయటి డాక్టరు వెంటనే ఆపరేషన్ చెయ్యాలని ఎప్పుడో చెప్పాడు. ఆ మాట ఈ గది దాటలేదు. ఎలీషాకు నరం పట్టిందని చెప్పించారు.

సలోమి అరిచింది. జీవితంలో మొదటిసారి ఆ గదిలో అరిచింది ఆమె, నెమ్మదిగా మాట్లాడింది ఆయన.

“సరిచెయ్యొద్దని మీరే రాసిన్రు గదా మేడమ్. సంతకం గూడ మీదే.”

“నొప్పి అని రాయలేదు. ఒరుగు అని రాసిన.”

“మాకు ఆ తేడా తెల్వదు. పేర్లు వద్దన్నది మీరు. ఎందుకు ఒరుగుతుండో అడగనిది మీరు.” ఆయన స్కానును మళ్ళీ కవరులో పెట్టాడు. “ఒక్క మాట చెప్పున్రి. ఇది తస్లీం మోకాలైతే ఇయ్యాల మీరు ఈడికొచ్చేటోల్లా?”

సలోమి కూర్చుంది. రాకపోదును అని తనలో తను అనుకోవడానికి ఆమెకు కొంత సమయం పట్టింది. తెలిసేదే కాదు కదా అని సర్దిచెప్పుకోవడానికి ఇంకాస్త పట్టింది.

వామన్‌రావు రాక్షసుడేమీ కాదు. క్లబ్బు పుట్టినప్పటినుంచీ కప్పు లేదు. ఈ ఏడూ రాకపోతే క్లబ్బునే ఎత్తేస్తామని యజమానులు చెప్పేశారు. ఎత్తేస్తే వంటవాళ్ళ దగ్గరనుంచి మాలీల దాకా అందరూ రోడ్డున పడతారు. అందరి కాళ్ళ కోసం ఒకడి కాలు అన్నాడు ఆయన. అంటున్నప్పుడు ఆమె కళ్ళలోకి చూడలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాడు. ఎలీషాని ఆమె తీసుకుపోవచ్చు, ఆపరేషన్ క్లబ్బే చేయిస్తుంది, ఫైనల్‌కి ముందు కాలు బెణికిందని పేపర్లకు చెబుతారు. బదులుగా ఆమె నివేదిక గురించి ఎక్కడా నోరు విప్పకూడదు.

నొప్పిని ఒప్పుకోమంటే కుదరదన్న మనిషి దగ్గర సలోమి ఒప్పందాన్ని ఒప్పుకుంది. తమ్ముడు దక్కితే చాలనుకుంది.

కానీ తమ్ముడు ఒప్పుకోవద్దూ? వరండాలో కూర్చుని పట్టీ ఉతికి ఆరేసుకుంటున్న ఎలీషాకు ఆమె మొదట సగమే చెప్పింది. మోకాలు తెగింది, వాళ్ళు దాచారు, రేపే ఆసుపత్రికి పోవాలి. వాడు విన్నాడు. కొంచెంసేపు వాళ్ళను తిట్టాడు. తర్వాత పట్టీని తాడు మీద సవరిస్తూ, తెగింది ఎట్లనూ తెగింది, ఇంకొక్క ఆట ఆడితే ఇంకేం తెగుతది, ఫైనల్ అయినంక ఆపరేషన్ చేపిచ్చుకుంట అన్నాడు. అలా ఆడితే ముందుముందు నడవడమే కష్టమవుతుందని ఆమె అంది. ఆ ఒక్కరోజు ఉరికితే చాలక్కా, తర్వాత నడిచే పనేముంది అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు గానీ ఆ మాటలో సరదా లేదు. కప్పు ముందు నిలబడి ఫొటో దిగడానికి వాడు పుట్టినప్పటినుంచీ పరిగెడుతున్నాడు.

ఇంక మిగతా సగం చెప్పక తప్పలేదు.

నేలచూపులు చూస్తూ సలోమి యంత్రం సంగతి చెప్పింది. అక్షరాల సంగతి చెప్పింది. పదిమందీ ఎలా ఒరుగుతున్నారో, వాళ్ళు ఒరగడం కోసం వాణ్ణి ఎలా కుంటనిచ్చారో చెప్పింది.

“అంటే నా ఆట వల్ల గాదా, అక్కా?”

ఆమె తాడు మీది పట్టీ చివర పట్టుకుని సాగదీసింది.

“నా జాగల ఇంకెవడన్న గిట్లనే కుంటితే?”

అది కూడా ఆమె చూసింది. నివేదిక రాసే ముందు అన్నీ చూడాలి కదా అని, వేరే నీడకి అదే ఒరుగు తగిలించి ఆడించింది. “అప్పుడు గూడ గెలుస్తరు,” అంది.

గేటు అవతల పిల్లలు ఎవరో వాణ్ణి చూసి చెయ్యి ఊపారు. ఎలీషా కూడా ఊపాడు. ఊపిన చెయ్యి కిందికి దించడం కాసేపు మరిచిపోయాడు.

“ఫైనల్ అయినంక చెప్పొచ్చు గదా అక్కా, ఇది,” అన్నాడు.

ఆపరేషన్ జరిగింది. నడుస్తాడన్నారు. ఆడడం గురించి అడిగితే డాక్టరు కాగితాలు సర్దుకున్నాడు. ఎలీషా ఆ తర్వాత మాటలు మానేశాడని చెప్పలేం. అడిగినదానికి జవాబు చెప్పేవాడు, పెట్టింది తినేవాడు. మాటల మీద ఆటలే మానేశాడు. ముసలోడివైపోయావురా అని ఒకసారి సలోమి కావాలనే అంది. అవునక్కా అన్నాడు. అంతే. అంతకంటే వాడు తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

ఫైనల్ రోజు సాయంత్రం ఆసుపత్రి గదిలో టీవీ పెట్టమన్నది ఎలీషాయే. వాడి చోట తస్లీం దిగుతున్నాడు. పొద్దున ఫోన్ చేసి భాయ్ నేను నీ జలుబడిగిన, కాలడగలేదు అని ఏడ్చినంత పనిచేశాడట. మంచిగ ఆడు, మంచిగ ఉరుకు అని ఎలీషా దీవించి పెట్టేశాడు.

ఆట మొదలైంది. రోవర్స్ ఓడిపోతుందని సలోమికి తెలుసు. ఒరుగు తీసేస్తే ఏమవుతుందో వేలసార్లు చూసిన మనిషి ఆమె. అందుకే బత్తాయి వలుస్తూ, తమ్ముడి ముఖమే చూస్తూ, టీవీని పట్టించుకోకుండా కూర్చుంది. రోవర్స్ గోలు కొట్టినప్పుడు గానీ తలెత్తలేదు.

ఎలీషా దిండు మీంచి లేచి కూర్చున్నాడు. ఆనందంతో కాదు.

“వానికేమైంది?” అన్నాడు.

తస్లీం ఎడమకాలి మీద బరువు వెయ్యడం లేదు. పిసరంత కుడివైపుకి ఒరిగి పరిగెడుతున్నాడు. వాడి చుట్టూ పదిమందీ ఒక్క అడుగు ముందుగా కదులుతున్నారు. ఎదుటి జట్టుకు ఎక్కడా సందు దొరకడం లేదు. స్టేడియం ఊగిపోతోంది. ఇంత ఐకమత్యం ఎన్నడూ చూడలేదని కామెంటేటర్ గొంతు గద్గదమైంది. గీత పక్కన వామన్‌రావు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. అరవడం లేదు.

సలోమి చేతిలో బత్తాయి అలాగే ఉండిపోయింది. వేరే నీడకి అదే ఒరుగు తగిలిస్తే అప్పుడూ గెలుస్తారని రాసింది కూడా ఆమే. ఆ పేరా కింద కూడా ఆమె సంతకమే ఉంది.

“పొద్దున మంచిగనే ఉన్నడక్కా వాడు,” అన్నాడు ఎలీషా. తర్వాత ఆమె ముఖం చూశాడు. చిన్నప్పటినుంచీ ఆ ముఖాన్ని చదువుకున్నవాడు కాబట్టి ఎక్కువసేపు పట్టలేదు. “అక్కా. నువ్వు నన్నొక్కన్నే తీసుకచ్చినవా?”

ఆమె లేచి ఫోన్ తీసింది.

విరామం వేళ డ్రెస్సింగ్ రూములో ఆటగాళ్ళ దగ్గర ఫోన్లు ఉండనివ్వరు. షూలూ చొక్కాలూ చూసుకునే సాయిలు దగ్గర ఉంటుంది. ఆమె అతనికి చేసి, ఎలీషా గురించి ఒక్క ముక్క తస్లీంకి చెప్పాలంది. సాయిలు ఫోన్‌ని బాత్రూమ్ వైపు పట్టుకుపోయి తస్లీంకిచ్చాడు. స్పీకర్లో వాడి ఎగశ్వాస గదంతా నిండింది.

“కాలుకేమైంది తస్లీం?” అంది సలోమి.

ఏం కాలేదన్నాడు. ఎడమ షూలో కొత్త అట్ట పెట్టారట. మీ మిషన్‌దే అన్నరక్కా, లోపల ఏందో మేకు లెక్క గుచ్చుకుంటది, కొంచెం రక్తం గూడ వచ్చింది, కానీ అది ఉంటేనే అంకెలు మంచిగొస్తయంట, ఓర్చుకోమన్నరు, ఓర్చుకుంటున్న అన్నాడు. సలోమి నోరు తెరిచేలోగా, తొందరగా, గొంతు తగ్గించి అడిగాడు.

“అక్కా, నేను బానే ఆడుతున్న గదా?”

ఇలాంటి ప్రశ్నని ఆమె వరండాలో ఒకసారి విన్నది. ఎలీషా చెయ్యి చాపి ఫోన్ తీసుకున్నాడు.

“బానే ఆడుతున్నవ్‌రా,” అన్నాడు. “నేను గూడ గట్లనే ఆడిన. అందుకే చెప్తున్న, ఇను. ఆ అట్ట తీసెయ్.”

తీస్తే నన్ను తీసేస్తరేమో భాయ్ అన్నాడు తస్లీం. తీసెయ్యనీ అన్నాడు ఎలీషా. మోకాలి సంగతి, ఆసుపత్రి సంగతి, పదిమంది సంగతి నాలుగు మాటల్లో చెప్పేశాడు. సలోమి చెప్పడానికి నేలచూపులు చూడవలసి వచ్చిన సంగతుల్ని టీవీ వైపు చూస్తూ, వార్తలు చదివినట్టు చెప్పాడు. ఈల వినపడింది. ఫోన్ ఆగిపోయింది.

రెండో సగంలో తస్లీం మైదానంలోకి వచ్చాడు. ఏ కాలితో వస్తాడోనని ఇద్దరూ చూశారు. వాడు ఒకసారి ఎడమపాదాన్ని నేలకేసి తట్టి చూసుకున్నాడు. తర్వాత పరిగెత్తాడు. నిటారుగా, రెండు కాళ్ళ మీదా సమంగా, గడ్డి తగులుతోందో లేదో అన్నట్టు పరిగెత్తాడు. ఏడాదిపాటు బెంచీ మీద మడిచిపెట్టిన పరుగంతా విప్పాడు.

మిగతా పదిమందీ ఎప్పుడు విడిపోయారో ఎవరూ గమనించలేదు. ఎవరి చోటుకి వాళ్ళు వెళ్ళిపోయారు. పద్ధతిగా, పటంలో గీసినట్టు, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ ఆడారు. తమ మీద మొదటి గోలు ఎలా పడిందో వాళ్ళకు అర్థం కాలేదు. రెండోది పడేసరికి ఒకరినొకరు చూసుకున్నారు. కామెంటేటర్ తస్లీంని తిట్టడం మొదలుపెట్టాడు. మొదటి సగంలో అంత బాగా ఆడినవాడికి ఇప్పుడేమైందన్నాడు. వామన్‌రావు మళ్ళీ అరుస్తున్నాడు. ఆ అరుపుల్లో పాత బలం లేదు.

ఇంకో గోలు పడింది. చివరి ఈల మోగబోతున్నా టీవీ ఆపమని ఎలీషా అనలేదు. రోడ్డు మీద ఎవరో డప్పు పట్టుకుని తిరిగి వెళ్ళిపోతున్న చప్పుడు వినిపించింది. రేపు సలోమి ఆ నివేదికతో నోరు విప్పాలి. విప్పితే ఎవరెవరు రోడ్డున పడతారో, తనతోపాటు ఎవరు జైలుకు వెళతారో, చెప్పడానికి యంత్రం అక్కర్లేదు.

“మంచిగ ఉరుకుతుండు గదా అక్కా, వాడు,” అన్నాడు ఎలీషా.

సలోమి టీవీ వైపు చూసింది. తస్లీం బంతి వెంట పోతున్నాడు. వాడికి అటూ ఇటూ, కనుచూపు మేర, ఒక్క మనిషి లేడు.